బావగారి దగ్గర కొన్న కారు, పాడైన కాయిల్

ఏలూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు బయటికి రాకూడదని కోరారు కాబట్టి విషయం మాత్రమే ఇక్కడ చెబుతున్నాను. ఆయనకు నలభై మూడేళ్లు, రొయ్యల మేత వ్యాపారం చేస్తారు. హైదరాబాద్‌లో ఉండే తన భార్య అన్నగారు కారు మారుస్తున్నారని తెలిసి, ఆయన వాడిన ఆరు సిలిండర్ల పెట్రోల్ లగ్జరీ ఎస్‌యూవీని శ్రావణ మాసంలో 34 లక్షలకు కొనుక్కున్నారు. బయట 37 లక్షల దాకా పలుకుతున్న బండిని బావగారు మూడు లక్షలు తగ్గించి ఇచ్చారు. బండి వయసు అయిదున్నరేళ్లు. కొన్ననాటికి 56,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు 61,000.

కార్తీకంలో బంధువుల పెళ్లికి హైదరాబాద్ వెళ్లి, రాత్రి భార్యాపిల్లలతో తిరిగి వస్తుండగా, సూర్యాపేట దాటిన కాసేపటికి బండి జర్కులు కొట్టడం మొదలైంది. పికప్ పడిపోయింది. మీటర్ బోర్డులో చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ కనిపించింది. చీకట్లో ఎక్కడ ఆపాలో తోచక ఆయన కోదాడ వరకు అలాగే నడిపారు. మర్నాడు బండిని విజయవాడలోని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు చేర్చారు. మూడో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్ పోయిందని, ఆరు కాయిళ్లూ, ఆరు ప్లగ్గులూ, ఇంజిన్ పైన మూతలా ఉండే ట్యాపెట్ కవరూ మార్చాలని, పన్నుతో కలిపి 1,91,160 రూపాయలవుతుందని అక్కడ ఎస్టిమేట్ ఇచ్చారు. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా దెబ్బతిని ఉంటే మరో మూడున్నర లక్షలని హెచ్చరించారు. ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ మాత్రం ఒక్క కాయిల్ మారిస్తే చాలని, 11,000 రూపాయల్లో పని అయిపోతుందని అన్నాడు.

ఆ కోపంలో ఆయన భార్యతో "మీ అన్నయ్య అన్నీ తెలిసే నాకీ బండి అంటగట్టాడు" అన్నారు. ఆ మాట ఆమె బాధపడుతూ వదినగారికి చెప్పుకోవడం, వదినగారి నుంచి బావగారికి చేరడం జరిగిపోయాయి. మూడు వారాలుగా అటు నుంచి ఫోన్ లేదు. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాలా వద్దా అని ఆమె, కారు బాగు చేయించాలా అమ్మేయాలా అని ఈయన, ఇంట్లో ఎవరి ఆలోచనలో వారున్నారు. బండి ఇంకా సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. "బావగారిని సగం ఖర్చు అడగకపోతే మోసపోయినట్టు అనిపిస్తోంది, అడిగితే చుట్టరికం పోతుందని భయంగా ఉంది, ఏం చేయమంటారు?" అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతున్నప్పుడు, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన మూడు వాక్యాల దగ్గర ఆగిపోయాను. బేరం కుదిరిన రోజున బావగారు "పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఒక్కోసారి కొంచెం వణుకుతుంది, నిమిషంలో సర్దుకుంటుంది" అన్నారని ఒకచోట రాశారు. పెళ్లికి బయలుదేరే ముందురోజు బానెట్ ఎత్తి ఇంజిన్‌ను ప్రెషర్ వాటర్‌తో కడిగించానని మరోచోట రాశారు. బావగారు ఇచ్చిన ఫైల్లో ఏవో వారంటీ కాగితాలున్నాయని, వాటిని ఇంతవరకు తెరిచి చూడలేదని చివరి పేజీలో రాశారు. మీ చిక్కు విప్పడానికి కావలసినదంతా దాదాపు ఈ మూడు వాక్యాల్లోనే ఉంది. వాటిని వరుసగా చూద్దాం.

ముందు కాయిల్ సంగతి. మీ బండిలో ప్రతి సిలిండర్ మీద ఒక్కో కాయిల్ చొప్పున ఆరు ఉంటాయి. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులను అది పాతిక వేల నుంచి నలభై వేల వోల్టుల దాకా పెంచి, కింద ఉన్న స్పార్క్ ప్లగ్ కొసన నిప్పురవ్వ పుట్టేలా చేస్తుంది. ప్రతి సిలిండర్‌లోనూ ఇంజిన్ రెండు చుట్లు తిరిగినప్పుడల్లా ఒక రవ్వ పుట్టాలి. సగటున గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి పదిహేను వందల చుట్లతో లెక్క వేసుకుంటే, 61,000 కిలోమీటర్లు తిరిగిన మీ బండిలో ఒక్కో కాయిల్ ఇప్పటికి ఏడు కోట్ల సార్లకు దగ్గరగా ఈ పని చేసింది. అదీ ఇంజిన్ నెత్తి మీద, ఆ వేడిలో. ఇంత పని చేసిన వస్తువు అయిదున్నరేళ్లకు పోవడం ఆశ్చర్యపడాల్సిన విషయమేమీ కాదు. అది పోయినంత మాత్రాన బండి పనికిమాలినదనీ, అమ్మినవారు దాన్ని దాచిపెట్టారనీ అనుకోనక్కర్లేదు. నడుస్తూ నడుస్తూ ఒక్క క్షణంలో చచ్చిపోయే కాయిళ్లను నేను చాలా చూశాను. ముందురోజు వరకు దాన్ని వాడినవారికి కూడా ఆ సంగతి తెలిసే వీలుండదు.

అయితే కొన్నిసార్లు కాయిల్ తనంతట తాను పోదు, దాన్ని మరొకటి చంపుతుంది. మీరు పంపిన ఫోటోలో మూడో సిలిండర్ కాయిల్ అడుగుభాగం నూనెలో ముంచి తీసినట్టుంది. ఆ నల్లటి రబ్బరు తొడుగు లోపల ఒక స్ప్రింగు ఉంటుంది, అది ప్లగ్ తలను పట్టుకుంటుంది. ఆ తొడుగు పొడిగా, గట్టిగా ఉండాలి. ఇంజిన్ ఆయిల్‌లో నానిన తొడుగు ఉబ్బుతుంది, వేలితో నొక్కితే మెత్తగా, జిగటగా తగులుతుంది. అప్పుడు అన్ని వేల వోల్టుల కరెంటు ప్లగ్ కొస దాకా పోకుండా పక్కదారి పట్టి ఇంజిన్ బాడీలోకి దూకుతుంది. అలా దూకిన చోట ప్లగ్ తెల్లటి పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత ఒకటి మిగిలిపోతుంది. సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు మూడో సిలిండర్ ప్లగ్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూడండి. ఆ గీత కనిపిస్తే సగం కథ తెలిసినట్టే.

ఆ నూనె పైనున్న ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి దిగుతుంది. ఈ తరం ఇంజిన్లలో చాలావాటికి ట్యాపెట్ కవర్ ప్లాస్టిక్‌ది. వేడికి అది వంగవచ్చు, సన్నగా చిట్లవచ్చు. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే వాల్వు కూడా కొన్నిటిలో ఆ కవర్‌లోనే కలిసి ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా నూనె తోసుకుని వస్తుంది. ప్యాకింగ్ ఒక్కటీ మార్చకుండా కవర్ మొత్తానికి 52,000 రూపాయలు రాశారేమిటని మీరు అనుమానపడ్డారు. ఆ అంకె ఎక్కువే, కానీ మీ ఇంజిన్ ఆ రకందే అయితే అది మోసపు అంకె కాదు. కవర్ ఎక్కడ చిట్లిందో, ఎక్కడ వంగిందో చూపించమని అడగడం మీ హక్కు. చూపించలేకపోతే ప్యాకింగ్ మాత్రమే విడిగా దొరుకుతుందేమో అడగండి.

రెండో అనుమానం ప్లగ్గుల మీద. ప్లగ్ కొస అరిగేకొద్దీ రవ్వ దూకాల్సిన సందు పెరుగుతుంది, దాన్ని దాటించడానికి కాయిల్ మరింత వోల్టేజి పుట్టించాలి. అరిగిపోయిన ప్లగ్గుల మీద పనిచేసే కాయిల్ ఎప్పుడూ పరుగెత్తుతున్న మనిషిలా ఉంటుంది. ఇలాంటి బండ్లకు కంపెనీలు ఇంజిన్‌ను బట్టి సాధారణంగా 50,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య ఏదో ఒకచోట ప్లగ్గులు మార్చమని మాన్యువల్‌లో రాస్తాయి. మీ బండికి ఆ అంకె ఎంతో చూసుకోండి. ఛాసిస్ నంబర్ ఇస్తే కంపెనీ సర్వీస్ సెంటర్ పాత సర్వీస్ వివరాలన్నీ తీయగలదు కాబట్టి, ప్లగ్గులు ఎప్పుడైనా మారాయో లేదో అందులో తెలిసిపోతుంది.

మూడో అనుమానం నీటి మీద. ఇది చెప్పడానికి కొంచెం సంకోచిస్తున్నాను, ఎందుకంటే ఇది మీ చేతుల మీదుగా జరిగింది. ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగినప్పుడు కాయిల్ పక్కనుంచి నీరు ప్లగ్ కూర్చునే గుంతలోకి దిగితే అది తొందరగా ఆరదు. అంతకుముందే నూనెతో మెత్తబడి, బలహీనపడిన తొడుగు ఆ తడితో పూర్తిగా చెడిపోవడానికి అవకాశం ఉంది. నీళ్ల వల్లే పోయిందని నేను అనడం లేదు. అయితే అది జరిగి రెండు రోజులు తిరగకముందే దూరప్రయాణంలో బండి మొరాయించిందన్న సంగతిని పక్కన పెట్టి, నేరం మొత్తం బావగారి మీద వేయడం న్యాయం కాదు. ఇంకెప్పుడూ ఈ బండి ఇంజిన్‌ను అలా కడిగించకండి, తడిగుడ్డతో తుడిపిస్తే చాలు.

ఇప్పుడు సర్వీస్ సెంటర్ వారు చేశారో లేదో మీ ఉత్తరంలో లేని ఒక చిన్న పరీక్ష గురించి చెప్పాలి. వారు స్కానర్ పెట్టినప్పుడు పీ 0303 అనే కోడ్ వచ్చిందని రాశారు. ఆ కోడ్‌కు అర్థం మూడో సిలిండర్‌లో మిస్సింగ్, అంటే పెట్రోల్ సరిగా మండకపోవడం, ఉందని మాత్రమే, కాయిల్ పోయిందని కాదు. ప్లగ్ పోయినా, ఇంజెక్టర్ సరిగా పెట్రోల్ చిమ్మకపోయినా, వైరు ఎలుక కొరికినా, కాయిల్ సాకెట్ లాక్ వేడికి పెళుసై విరిగిపోయి వదులైనా అదే కోడ్ వస్తుంది. మూడో సిలిండర్ కాయిల్‌ను తీసి అయిదో దాని మీద పెట్టి, అయిదో దాన్ని మూడుకు మార్చి, ఒక్క నిమిషం ఐడిల్‌లో నడిపితే అసలు సంగతి తెలుస్తుంది. కోడ్ పీ 0305కు మారితే పోయింది కాయిలే. పీ 0303 అలాగే ఉంటే డబ్బు పెట్టాల్సింది కాయిల్ మీద కాదు. దీనికి కొత్త సామాను అక్కర్లేదు, అరగంట కూడా పట్టదు. ఈ పరీక్ష జరిగిందని జాబ్ కార్డు మీద రాయించుకునే వరకు ఏ ఎస్టిమేట్ మీదా సంతకం పెట్టకండి. ఇదొక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మిగిలినవన్నీ మీరు ఎంచుకోవాల్సిన దారులు.

మొదటి దారి ఎస్టిమేట్‌లో ఉన్నదంతా చేయించుకోవడం. ఆరు కాయిళ్లు 69,000, ఆరు ప్లగ్గులు 15,000, కవర్ సెట్టు 52,000, కూలి 26,000, పైన పన్ను. ఆరింటికీ ఒకే వయసు కాబట్టి ఒకటి పోయాక మిగిలినవి కూడా ఒకదాని వెనక ఒకటి పోవచ్చన్న వారి వాదనలో నిజం ఉంది. వ్యాపారం పని మీద రాత్రింబవళ్లు చెరువుల గట్ల వెంట తిరిగే మీకు, దారిలో ఆగిపోదన్న ధైర్యానికి విలువ ఉంటుంది. వేసిన సామానుకు వారంటీ కూడా వస్తుంది. నష్టమల్లా మరికొన్నేళ్లు పనిచేయగలిగిన అయిదు కాయిళ్లను కూడా తీసి పారేయడమే. ఈ దారి ఎంచుకుంటే పాత సామాను మొత్తం మీకు అప్పగించాలని ముందే చెప్పండి. పాత కాయిళ్లలో మంచివి రెండు డిక్కీలో ఉంచుకుంటే ఎప్పుడైనా అక్కరకొస్తాయి.

రెండో దారి, కారణాన్ని బాగు చేయించి, పోయినదాన్ని మాత్రమే మార్చుకోవడం. అంటే ట్యాపెట్ కవర్, ఆరు ప్లగ్గులు, ఒక్క కాయిల్. వారి ధరల ప్రకారమే లెక్క వేస్తే పన్నుతో 1,23,310 రూపాయలవుతుంది, 67,850 మిగులుతాయి. మిగిలిన అయిదు కాయిళ్లను బయటికి తీసినప్పుడు మీరు దగ్గర నిలబడి చూడాలి. తొడుగు పొడిగా ఉండి, పైభాగంలో వెంట్రుకవాసి పగుళ్లు లేకపోతే వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు. నాలుగో గుంతలో కూడా కొంచెం నూనె ఉందని వారు చెప్పినట్టు రాశారు, ఆ కాయిల్ తొడుగు ఉబ్బి ఉంటే దాన్ని కూడా మార్చేయండి. దీనిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఏడాదికో రెండేళ్లకో మరో కాయిల్ పోతే మళ్లీ ఒకరోజు పని చెడుతుంది. ఆ సంగతి ఒప్పుకుని, ఒక కొత్త కాయిల్ కొని బండిలో పెట్టుకునేవారు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. మీ స్థానంలో ఉంటే నేను ఇటే మొగ్గుతాను, కానీ నాకు పనిముట్లు పట్టడం అలవాటు, మీకు కాకపోవచ్చు.

ఇదే పనిని ఆటోనగర్‌లో చేయించుకోవడం కూడా ఈ దారిలో భాగమే. కార్ల కంపెనీలు కాయిళ్లను చాలావరకు తమంతట తాము తయారు చేయవు. బాష్, డెన్సో, ఎన్‌జీకే లాంటి సంస్థలు తయారు చేసి ఇస్తాయి, అవే తమ సొంత పేరు మీద బయట కూడా అమ్ముతాయి. మీ పాత కాయిల్ మీద తయారీదారు గుర్తు ఉందేమో చూసి, అదే సంస్థది, అదే పార్ట్ నంబర్‌ది బిల్లుతో కొంటే నాణ్యతలో తేడా ఉండదు, ధరలో మాత్రం తేడా కనిపిస్తుంది. బిల్లు ఇవ్వని చోట, డబ్బా మీద అచ్చు మసకగా ఉన్న చోట మాత్రం కొనకండి. కాయిళ్లలో డూప్లికేట్లు చాలా ఎక్కువ, వేసిన వారానికే మళ్లీ మిస్సింగ్ వస్తుంది.

మీ మెకానిక్ చెప్పిన 11,000 రూపాయల దారి మూడోది. అతను మోసగాడని నేను అనుకోను, ఫోన్‌లో విన్నంత మేరకు చెప్పి ఉంటాడు. కానీ నూనె కారుతున్న గుంతలోనే కొత్త కాయిల్ దించితే అది కూడా కొన్నాళ్లకు అదే చావు చస్తుంది. అప్పుడు మీరు మళ్లీ ఎవరినో ఒకరిని అనుమానిస్తారు. చేతిలో డబ్బు లేక, బండిని అత్యవసరంగా కదిలించాల్సి వస్తే గుంతను పూర్తిగా తుడిపించి, ఆరబెట్టించి, ఒక్క కాయిల్‌తో రెండు మూడు వారాలు నడుపుకోవచ్చు. అంతకుమించి దాని మీద ఆధారపడకండి.

అమ్మేయడం నాలుగోది. బాగు చేయించి, బిల్లులు చూపించి అమ్మితే ఖర్చులో కొంతైనా ధరలో తిరిగి వస్తుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చెడిన బండిగానే అమ్మితే కొనేవాడు భయంతో మరమ్మతు ఖర్చుకు రెండింతలైనా తగ్గించి అడుగుతాడు. కోడ్ చెరిపేసి, లైటు ఆర్పేసి, ఏమీ ఎరగనట్టు అమ్మే మార్గం కూడా ఒకటుందని మీకెవరో చెప్పారని రాశారు. మీ బావగారు చేశారని మీరు ఏ పనికి కోప్పడుతున్నారో అచ్చంగా అదే పని అది. మీ ఉత్తరం చదివాక మీరు అందుకు ఒప్పుకోరనే నాకు అనిపించింది.

ఇక కన్వర్టర్ భయం. లైటు స్థిరంగా వెలిగితే వీలు చూసుకుని బండి చూపించుకోవాలని అర్థం. ఆరుతూ వెలుగుతుంటే మిస్సింగ్ వల్ల కన్వర్టర్ ఆ క్షణంలోనే దెబ్బతింటోందని అర్థం. రవ్వ పుట్టని సిలిండర్ నుంచి కాలని పెట్రోల్ సైలెన్సర్ పైపులోకి పోయి కన్వర్టర్ లోపల కాలుతుంది. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేసే అది వెయ్యి డిగ్రీలు దాటితే దెబ్బతినడం మొదలవుతుంది, వేడి ఇంకా పెరిగితే లోపలున్న తేనెతుట్టె లాంటి పింగాణీ దిమ్మె కరిగి ముద్దవుతుంది. మీరు సూర్యాపేట నుంచి కోదాడ దాకా నడపడం వల్ల ఆ ప్రమాదం పెరిగిన మాట నిజం. చీకట్లో, భార్యాపిల్లలతో, లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన ఆపడానికి మీరు భయపడడమూ అంతే సహజం. దానికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మరోసారి ఇలా జరిగితే యాక్సిలరేటర్ బాగా తగ్గించి, దగ్గరలో వెలుతురున్న పెట్రోల్ బంకులోనో దాబా దగ్గరో ఆపి, ఇంజిన్ కట్టేసి, జాతీయ రహదారుల సహాయం కోసం 1033కు ఫోన్ చేయండి. బండిని లాక్కెళ్లాల్సి వస్తే నాలుగు చక్రాలూ పైన ఉండే ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించమనండి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిని రెండు చక్రాల మీద ఈడిస్తే గేర్ భాగాలు పాడవుతాయి.

అయితే కన్వర్టర్ పోయే ఉంటుందని ఇప్పుడే దిగులు పడాల్సిన పని లేదు. చాలా ఆధునిక ఇంజిన్లలో మిస్సింగ్ గట్టిగా ఉంటే కంప్యూటరే ఆ సిలిండర్‌కు పెట్రోల్ ఆపేస్తుంది. మీ బండిలో పికప్ ఒక్కసారిగా పడిపోయిందన్నారు, అందుకు అదే కారణం కావచ్చు. కాయిల్ పని పూర్తయ్యాక రెండు మూడు వందల కిలోమీటర్లు మామూలుగా నడిపి, మళ్లీ స్కానర్ పెట్టించండి. కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని చెప్పే పీ 0420 కోడ్ వచ్చినా, స్టార్ట్ చేసినప్పుడు బండి కింద గులకరాళ్లు కదిలిన చప్పుడు వచ్చినా, వేగం అందుకోవడానికి ఆయాసపడినా అప్పుడు కన్వర్టర్ గురించి ఆలోచించాలి. ఇవేవీ లేకపోతే ఆ మూడున్నర లక్షలు మీ దగ్గరే ఉంటాయి. అది పోయిందని తేలినప్పుడు కొందరు దాన్ని తీసేసి ఖాళీ పైపు వేసుకోమని సలహా ఇస్తారు. కాలుష్య నిబంధనలను ఉల్లంఘించి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం ప్రకారం 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. దాని వెనక నడిచే పిల్లల ఊపిరితిత్తుల సంగతి సరేసరి.

ఇప్పుడు ఫైల్లో ఉన్న ఆ వారంటీ కాగితాలు. వాటిని ఈ రోజే తెరవండి. బావగారు ఆరేళ్ల దాకా ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుని ఉంటే మీ బండికి ఇంకా కొన్ని నెలల గడువు ఉండవచ్చు. ప్లగ్గులు అరిగే సామాను కాబట్టి అవి సాధారణంగా వారంటీలోకి రావు. కాయిల్ ఎలక్ట్రికల్ భాగం కాబట్టి చాలా పథకాల్లోకి వస్తుంది, ట్యాపెట్ కవర్ నూనె కారడం కూడా కొన్నిటిలోకి వస్తుంది. మినహాయింపుల పేజీని ఒక్కో వరుసా చదవండి. ఆ వారంటీ మీ పేరు మీదికి మారిందా అన్నది అసలు మెలిక. మారకపోతే అమ్మినవారి సంతకంతో మార్పించుకునే అవకాశం ఉందేమో కంపెనీని అడగాలి, దానికి మీకు బావగారి సహకారమే కావాలి. అర్హత ఉండి కూడా సర్వీస్ సెంటర్ నిరాకరిస్తే, ఆ నిరాకరణను రాతపూర్వకంగా తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు. మామూలు బండి ఇన్సూరెన్స్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. యంత్రభాగాలు, ఎలక్ట్రికల్ భాగాలు వాటంతట అవి చెడిపోవడాన్ని ఆ పాలసీలు మినహాయిస్తాయి.

బయట పని చేయిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందని సర్వీస్ సెంటర్‌లో భయపెట్టారని రాశారు. విడిభాగాల అమ్మకం విషయంలో 14 కార్ల కంపెనీల మీద, వ్యాపారాల్లో పోటీ సరిగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వులో, బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ సాంతం రద్దు చేసే షరతు పెట్టరాదని, ఆ మరమ్మతు వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే కథ. వారంటీ బతికే ఉందని తేలితే మాత్రం, ఈ ఒక్క పనికి బయటికి వెళ్లకుండా కంపెనీలోనే చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

చివరికి బావగారి దగ్గరికి వద్దాం. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బండి వణకడం, నిమిషంలో సర్దుకోవడం, ప్లగ్ గుంతలోకి నూనె దిగడం మొదలైనప్పుడు కనిపించే తొలి లక్షణాల్లో ఒకటి. అది దేని లక్షణమో ఆయనకు తెలియదు, మీకూ తెలియదు. కానీ తాను చూసినది చూసినట్టు ఆయన మీకు చెప్పారు. దాచాలనుకున్న మనిషి ఆ మాట ఎత్తడు. పైగా మూడు లక్షలు తగ్గించారు. మీరు మొదటి దారి ఎంచుకున్నా, కన్వర్టర్ బాగుంటే, ఖర్చు ఆ తగ్గింపు లోపలే తేలుతుంది.

చట్టం ఏమంటుందని మీరు అడిగారు. బంధువుల మధ్య జరిగిన ఒక్క అమ్మకం వ్యాపారం కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్ దారి మీకు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో మీ పరిస్థితికి దగ్గరగా ఉండే ఉదాహరణ ఒకటుంది. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతూ ఆ సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది మోసం కాదు. కొనేది అప్పుడే యుక్తవయసుకు వచ్చిన అతని కూతురైతే, ఆ బంధం వల్ల చెప్పాల్సిన బాధ్యత అతనిపై ఉంటుంది. తండ్రిని నమ్ముకున్న ఆ పిల్లతో, ఇరవై ఏళ్లుగా వ్యాపారం చేస్తున్న మిమ్మల్ని పోల్చడం కష్టం. అంతకన్నా ముఖ్యంగా, మీ బావగారు ఊరుకోలేదు, వణుకు సంగతి చెప్పారు. కోర్టులో నిలబడే కేసు మీ దగ్గర లేదని నాకు అనిపిస్తోంది.

ఆయనతో ఎలా వ్యవహరించాలన్న దానికి కూడా ఒకటికి మించిన దారులున్నాయి. సగం ఖర్చు అడిగితే ఆయన ఇవ్వవచ్చు కూడా. కానీ ఆ డబ్బు ఇచ్చిన రోజున, తాను మోసం చేశానని ఒప్పుకున్నట్టు ఆయనకు అనిపిస్తుంది, మీ భార్య ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ ఆ లెక్క మధ్యలో ఉంటుంది. ఏమీ అడగకుండా మౌనంగా ఉంటే డబ్బు మాట రాదు, కానీ మీరన్న మాట అలాగే నిలిచిపోతుంది, మూడు వారాల మౌనం ఆరు నెలలవుతుంది. డబ్బు అడగకుండా సమాచారం అడగడం మరో దారి. ప్లగ్గులు ఎప్పుడు మార్పించారు, ఆ వణుకు ఎప్పటి నుంచి ఉంది, వారంటీ ఎవరి పేరు మీద ఉంది, బదిలీకి సంతకం పెట్టగలరా. ఈ ప్రశ్నలన్నీ మీకు నిజంగా కావలసినవే, మీరు కల్పించుకున్న సాకులు కావు. వాటికి జవాబు చెబుతున్నప్పుడు ఆయన మళ్లీ మీకు సాయం చేసే మనిషి అవుతారు. సర్వీస్ రికార్డు చూశాక, ఈ నూనె కారడం ఆయన హయాంలోనే సర్వీస్ సెంటర్ రాసి ఇచ్చిందని, అయినా ఆయన మీకు చెప్పలేదని తేలితే అప్పుడు ఖర్చు మాట ఎత్తడానికి మీకు ఒక ఆధారం ఉంటుంది. అది తేలేవరకు మాత్రం ఆ మాట ఎత్తకండి.

"అంటగట్టాడు" అన్న మాటను వెనక్కి తీసుకోవడం మాత్రం ఈ మరమ్మతు పూర్తయ్యేదాకా ఆగాల్సిన పని కాదు. ఆ మాటను మీరు మీ భార్య ముందు అన్నారు. ఆమె పుట్టింటి మనిషి గురించి అన్నారు. అందుకే బావగారికి ఫోన్ చేసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకర్ పెట్టి, "కోపంలో తొందరపడి అన్నాను బావగారూ" అన్న వాక్యంతోనే మొదలుపెట్టండి. ప్లగ్గుల సంగతి ఆ తర్వాత అడగవచ్చు.